తొమ్మిది తుమ్ములు

ప్రత్తిపాడు మిరప కల్లంలో కాయల తొడాలు తీసే వెంకటరావమ్మ, రొంటిన దోపిన డబ్బీని రెండుసార్లు తట్టి ముక్కుపొడి పీల్చేది. మొదట్లో చిటికెడు చాలేది. ముప్పై ఏళ్లకు రోజుకో డబ్బీ పీల్చినా తుమ్మైనా వచ్చేది కాదు, మానితే మాత్రం తలపోటు. నర్సుగా పనిచేసే కోడలు జ్యోతిర్మయి బతిమాలితే మూడు నెలల కిందట కష్టం మీద మానేసింది. ఇవాళ పక్కన కూర్చున్న సీతమ్మ డబ్బీ చాపితే ఆశ ఆగక ఒక్క చిటికెడు పీల్చింది. అంతే, కళ్లు తిరిగి, తొమ్మిది తుమ్ములు తుమ్మి, కాయల రాశి మీద కూలబడింది. అన్నం తెచ్చిన కోడలు పరుగెత్తుకొచ్చింది.

"డబ్బీ పీల్చినా కదలని దాన్ని, ఇదేంటే?"

"అప్పట్లో మీ మెదడు పొడికి మొద్దుబారిందత్తయ్యా. మానేశాక మళ్లీ తేరుకుంది."

"అంటే బాగుపడ్డట్టేనా?"

"పడ్డట్టే!"

వెంకటరావమ్మ ముక్కు తుడుచుకుని, కల్లమంతా వినబడేలా నవ్వింది.

"ఒసేయ్ సీతమ్మా, నువ్వూ మానెయ్యవే! తుమ్ము ఎంత బాగుందో!"