తాత వదిలిన సగం టీ

మా ఇంటి వెనక పాకలో ఉండే కొండతాత మొన్న సోమవారం పొద్దున్న పోయాడండి. ఆ కబురు మా ఆవిడ నాకు చెప్పింది, నేను టీ కొట్టాయనకి చెప్పాను. నర్సీపట్నంలో ఇంకెవరికీ చెప్పక్కర్లేకపోయింది.

తాత కొండచీపుర్లు అమ్మేవాడు. రోజూ నాతో పాటే టీ తాగేవాడు. సగం తాగి సగం వదిలీసేవాడు.

"ఏటి తాతా, బాలేదా?"

"బానే ఉంది బాబూ. ఇదీ తెల్లోడు నేర్పిందే కదా. అందుకే సగం మానీసినాను."

ఆయన కుర్రతనంలో కొండల్లోకి ఒక స్వామి వచ్చాడట. కల్లు మానండి, తగువులు కోర్టుకి పట్టుకెళ్ళకండి, మీలో మీరే తీర్చుకోండి అన్నాడట. అందరూ మంట చుట్టూ నిలబడి, కొండ మళ్ళీ మనదయ్యేదాకా కల్లు ముట్టమని ఒట్టేసుకున్నారు. ఆ స్వామి వెనకాలే దొరల పోలీసు స్టేషన్ల మీదికీ వెళ్ళారు. స్వామిని చంపేసారు. తాత జైలుకెళ్ళొచ్చాడు. తెల్లోడు పోయాక, మిగిలినోళ్ళు ఒట్టు తీరిపోయిందని తాగీసారు. తాత తాగలేదు.

"స్వతంత్రం వొచ్చీసింది కదా తాతా?" అన్నానోసారి.

"వొచ్చిందట. నేను సీపురుపుల్ల కోస్తే ఫారెస్టు గార్డు ఇంకా ఎవుడివిరా నువ్వు అంటన్నాడు. కొండ నాదైతే అలాగడుగుతాడేటి?"

నేను చదివింది ఐదో క్లాసే. దీనికి జవాబు పై క్లాసుల్లో ఉందేమో.

ఒక చైత్రం పండక్కి నన్ను వాళ్ళూరు తీసుకెళ్ళాడు. అందరూ గుండ్రంగా కూర్చున్నారు. కల్లు నింపిన ఆనపకాయ బుర్ర చేతులు మారుతూ వచ్చి, తాతని దాటేసి పక్కాయనకి వెళ్ళిపోయింది. కాసేపటికి తాతే లేచి, దూరంగా ఓ రాయి మీద కూర్చున్నాడు.

"మానడం తేలికే బాబూ. తరవాత పక్కన కూకోడానికి మనిసి దొరకడు."

పక్కన నేను కూర్చున్నాను. కానీ నేను కొండ కింద పల్లపోణ్ణి, లెక్కలోకి రాను.

కబురంపితే, సోమవారం మధ్యాహ్నానికి ఆయన మేనల్లుడు కొండ దిగొచ్చాడు, చంకలో కల్లు బుర్రతో. పాతిపెట్టాక ఆ మట్టి మీద కల్లు పొయ్యడం వాళ్ళ ఆచారం. పాతిపెట్టడం అయ్యాక అతను బుర్ర బిరడా తియ్యబోతుంటే ఆపాను.

"ఆగు నాయనా. బతికుండగా తాగనోడికి ఇప్పుడు పోస్తావేటి?"

"పొయ్యకపోతే పైనున్న మా పెద్దోళ్ళు కలుపుకోరండి. అక్కడా ఒక్కడే అయిపోతాడు."

తాత మాటే అడిగాను. "మరి కొండ మీది అయ్యిందేటి?"

అతను బిరడా మీంచి చెయ్యి తీసీసాడు. వస్తుంటే అతన్నీ గార్డు ఆపాడట.

"అవలేదండి," అన్నాడు.

వెళ్ళి టీ పట్టుకొచ్చాను. అతను సగం మట్టి మీద పోసి, సగం గ్లాసులో ఉంచీసాడు. పొద్దు వాలిపోతోంది, బేగి బయల్దేరకపోతే బస్సుండదన్నాను. అతను కదల్లేదు. బిరడా తియ్యని బుర్ర ఒళ్ళో పెట్టుకుని, తాత పక్కనే కూర్చున్నాడు.