బొబ్బిలి నీళ్ళతో భిలాయ్ కాఫీ

కాఫీకి సొంత ఊరి నీళ్ళే రుచినిస్తాయని మీరూ నమ్ముతున్నారా? నేను నమ్మను. హేతువాదుల సభ కోసం భిలాయ్ వెళ్ళినప్పుడు పరిచయమైన, సెక్టర్ 7లో కాఫీ షాపు నడిపే సుజాత మొన్నటిదాకా నమ్మింది. విజయనగరం వెళ్ళివచ్చిన తెలుగువాళ్ళు ఇక్కడి నీళ్ళు మంచివి కావంటూ, ఆమె కలిపిన కాఫీకి వంక పెట్టేవారట.

బొబ్బిలిలో పెద్దమ్మను చూసి వస్తూ ఆమె రెండు సీసాల నీళ్ళు తెచ్చింది. అదే పొడి, అవే పాలతో ఆ నీళ్ళతో ఒకటి, భిలాయ్ నీళ్ళతో ఒకటి చొప్పున కాఫీలు కలిపి, ఏది ఏదో చెప్పకుండా వాళ్ళకిచ్చింది.

"అందరూ భిలాయ్ నీళ్ళ కప్పునే ఊరి కాఫీ అనీసారు అంకుల్. నవ్వీసాను. తర్వాత మా సెల్లి సేత కప్పులు మార్పించి నేనూ తాగాను. నేనూ అదే అన్నాను."

తర్కం గెలిచిందని సంబరపడ్డాను. "మరి అక్కడి కాఫీలో ఏముందమ్మా?" అన్నాను.

తుడుస్తున్న కప్పును పక్కన పెట్టింది. "మా పెద్దమ్మ ఎదురుగా కూకుని, పంచదార సరిపోయిందేటే అని అడిగీది. ఇక్కడ అందర్నీ అడిగీది నేనే కదా. నన్నెవులడుగుతారు?"

జీవితమంతా రుజువులడిగిన నేను, ఈ మాట ఎవరినీ అడగలేదు. మీకు కాఫీ అందించిన మనిషిని "నువ్వు తాగావా?" అని ఈ రోజే అడగండి. జవాబు వినేదాకా కప్పు ఎత్తకండి.