ముప్పై తొమ్మిదో ఇంటిపేరు

ఇక్కడ మలేసియాలో, పోయిన ఆదివారం మా అమ్మాయిని చూసుకోవడానికి ఇపో పట్నం నుంచి వచ్చినవారిలో అబ్బాయి పెదనాన్నగారు కాఫీ తాగుతూ మా ఇంటిపేరు అడిగారు. ఇంటిపేర్లు కలిస్తే పిల్లలు అన్నాచెల్లెళ్ళ వరస అవుతారు కనుక అడగవలసిన మాటే. కనుక్కుని చెబుతానన్నాను గాని, అడగడానికి మనిషంటూ ఎవరూ మిగల్లేదని నాకు తెలుసు. వారు వెళ్ళాక అమ్మాయి ఇంటిపేర్ల గురించి ఫోనులో వెతుకుతూ యూదుల పేర్ల దగ్గర ఆగి, కోహెన్ అంటే పూజారట, ష్నైడర్ అంటే దర్జీ అట, కొందరి చేత సర్కారువారే పట్టుబట్టి ఇంటిపేర్లు పెట్టించారట అని చదివి వినిపించింది. ఇక్కడి రబ్బరు తోటల్లో కూలికి వచ్చిన మన తాతలకు జరిగింది దానికి తలకిందులు. తోట ఆఫీసు పుస్తకంలో కూలీ పేరుకూ, వాడి తండ్రి పేరుకూ మాత్రమే చోటుండేది.

బటాంగ్ బెర్జుంటై దగ్గర రబ్బరు తోటలో పాలు తూచి లెక్క రాసే వయసులో, ఎవరూ నేర్పకుండానే లెక్కలు పట్టుబడ్డాయన్న గర్వంతో, మా తోటలోని ముప్పై తొమ్మిది తెలుగిళ్ళ పేర్లూ రాసిపెట్టాలని పూనుకున్నాను. సాయంత్రాలు గడపగడపకూ తిరిగి, ఊరిని బట్టి వచ్చినవి పద్దెనిమిది, పనిని బట్టి వచ్చినవి తొమ్మిది, ఎందుకొచ్చాయో తెలియనివి పదకొండు అని వేరు చేశాను. గేదెల వారి ముసలాయన తమకు ఏనాడూ ఒక్క గేదె కూడా లేదని పడిపడి నవ్వడం ఇప్పటికీ గుర్తే. మా ఇంటిని మాత్రం చివరికి ఉంచుకున్నాను, ఇంట్లోదే కదా ఎక్కడికి పోతుందని.

అమ్మా నాన్నా నా చిన్నప్పుడే పోయారు, ఇక తెలిసినది నాయనమ్మ ఒక్కతే. ఆ కాలపు ఆడవాళ్ళలాగే ఆవిడ మొగుడి పేరు నోట అనేది కాదు. మావాళ్ళు అంతకుముందు ఉన్న పాత తోటలో తాతను అందరూ ఇంటిపేరుతోనే పిలిచేవారట, అందుచేత ఆవిడకు అదీ మొగుడి పేరే. నేను అడిగితే కొంగు నోటికడ్డం పెట్టుకుని, "నా నోట రాదురా నాయినా. ఊరందరివీ రాసీసినావు, పెద్ద లెక్కలోడివి, మనది కూడా లెక్క కట్టుకో!" అని ఎగతాళి చేసింది. నేనూ నవ్వాను. తోచిన పేర్లు ఒక్కొక్కటీ చదివి ఆవిడ చేత తల ఊపించవచ్చు, పాత తోటకు వెళ్ళి విచారించవచ్చు అనుకుని, రెంటినీ వచ్చే నెలకు వాయిదా వేశాను. ఆ నెలలోనే ఆవిడ పోయింది. పాత తోటకు వెళ్ళేసరికి రబ్బరు కొట్టేసి పామాయిల్ చెట్లు నాటారు, మనుషులు తలో దిక్కూ పోయారు.

నిన్న ఇపోకు ఫోను చేశాను. సంబంధం తప్పిపోతుందేమోనని భయపడుతూనే ఉన్న సంగతి చెప్పాను. అబ్బాయి పెదనాన్నగారు గట్టిగా నవ్వేశారు. మాట చివర ఇక్కడివాళ్ళమంతా తగిలించే మలయ్ ‘లా’ ఆయనకూ ఉంది. "అయ్యో బావగారూ, దానికేటుంది లా! అడగాలంతారు గదా అని అడిగినాను. మాది మాత్రం మాకు తెల్సా ఏటి?" అని, ముహూర్తం పెట్టించమన్నారు.

అమ్మాయి సంతోషంగా ఉంది. ఒకప్పుడు ఇంటిపేరు చెప్పలేనివాడికి పిల్లనివ్వడానికి భయపడేవారు, ఇప్పుడు చెప్పలేనివారమే ఇద్దరం కలిసి వియ్యమందుతున్నాం. పోయిన ఆ రెండు ఇంటిపేర్లూ ఒకటేనో కాదో లెక్క కట్టే దారి నాకు తెలిసినంతలో లేదు.