కస్కుటా కాని తీగ

2012 ఫిబ్రవరి. పెద్దవంగరకు దగ్గర్లోని ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీలో నేను బోటనీ లెక్చరర్‌ని. తెలంగాణ కోసం చేసిన సమ్మెలో అంతకుముందు పాఠాలు చాలా పోయాయి. ఆదివారాలు కూడా క్లాసులు పెట్టి, ఊపిరి సలపకుండా చెప్పి, ఎలాగో ప్రాక్టికల్ పరీక్షల దాకా వచ్చాం.

రెండో సంవత్సరం బైపీసీలో మంజుల అనే అమ్మాయి ఉండేది. పక్క ఊరి రైతు బిడ్డ, సైకిల్ మీద వచ్చేది. గోళ్లలో ఎప్పుడూ మట్టే. మొదటి ఏడాది బోటనీ తప్పింది. సమ్మె రోజుల్లో మేం రోడ్డు పక్క టెంటులో దీక్షకు కూర్చుంటే, రోజుకో మొక్కను వేళ్లతో సహా తెచ్చి నా ముందు పెట్టేది. నేను లాటిన్ పేరు చెబితే, అది ఏ నేలలో మొలుస్తుందో, వాన పడ్డ ఎన్నాళ్లకు పూస్తుందో తను చెప్పేది. సాయంత్రం దాన్ని తీసుకుపోయి, పీకిన చోటే మళ్లీ నాటేది. ఎందుకమ్మా ఇంత అవస్థ అంటే, "దాని జాగ దానికి ఉండాలె గద సార్" అనేది. మాతో పాటు టెంటులో సమ్మెకు కూర్చున్న ఆర్టీసీ డ్రైవర్లకు ఆ మాట తెగ నచ్చింది.

పరీక్షకు వారం ముందు వాళ్ల నాయిన వచ్చాడు. "ఈసారి గూడ బోటనీల తప్పితే బిడ్డను పొలం పనికి తోల్కపోత సార్. దాని పానమంత మట్టి మీదనే ఉన్నది, ఇగ చదువెందుకు?" అన్నాడు. మట్టి మీద ప్రాణం ఉన్నవాళ్లే బోటనీ చదవాలని చెప్పబోయి మింగేశాను. మార్కులు లేకుండా ఆ మాట ఎవరు వింటారు?

ప్రాక్టికల్స్‌లో స్పాటర్లు అని ఉంటాయి. పేరు రాయకుండా బల్ల మీద వరుసగా పెట్టిన నమూనాలు. విద్యార్థి చూసి గుర్తుపట్టి, కారణాలు రాయాలి. కస్కుటా అనే పరాన్నజీవి తీగ వాటిలో ఒకటి. ఆకులుండవు, వేరే మొక్కలను అల్లుకుని వాటి రసం పీల్చి బతుకుతుంది. మా లాబ్‌లో సీసాలోది కుళ్లిపోయింది. పరీక్ష పొద్దున బండి మీద మంజుల వాళ్ల ఊరి మీదుగా వస్తూ దారి పక్క పొదల మీది తీగను కాస్త తెంపుకొచ్చి పెట్టాను.

అందరూ కస్కుటా అని రాశారు. మంజుల మాత్రం "ఇది కస్కుటా కాదు" అని రాసి, పేరు చోట ఖాళీ వదిలేసింది. కోస్తా వైపు నుంచి వచ్చి మా జిల్లాలోనే పనిచేస్తున్న ఎగ్జామినర్ గారు ఎర్ర పెన్ను తీశారు.

"కాకపోతే మరేంటి?"

"పుస్తకంల పేరు నాకు తెల్వది సార్. గని గిది గది కాదు."

"గిదీ గదీ ఏంటమ్మా? ముందు తెలుగు సరిగ్గా మాట్లాడు, సైన్సు తర్వాత."

నాకు ఒళ్లు మండింది. మంజుల తల దించలేదు.

"కస్కుటా పసుపు పచ్చగ, మెత్తగ ఉంటది సార్. గిది ఆకుపచ్చగ, నార లెక్క గట్టిగున్నది. మా ఊరి రోడ్డు పొంటి పొదల మీద ఏండ్ల సంది ఉంటది. జర గీ కాయ పిసికి సూడుండ్రి. లోపట ఒక్కటే గింజ. కస్కుటాకు మూడు నాలుగుంటయి."

నేనే కాయ పిసికాను. జిగురుగా ఒక్కటే గింజ. లాబ్ బీరువాలోని పాత వృక్షశాస్త్ర గ్రంథం తీసి పేజీలు తిప్పితే దొరికింది. కాసిథా. చూపుకు అచ్చం కస్కుటా లాగే ఉండే వేరే కుటుంబపు తీగ. పద్దెనిమిదేళ్లు పాఠం చెప్పినవాణ్ణి, రంగు కూడా సరిగా చూడకుండా తెంపుకొచ్చాను.

"తప్పు నాదండీ. తెచ్చింది నేనే," అన్నాను.

ఎగ్జామినర్ గారు లెన్స్ పెట్టి తీగనూ, కాయనూ, పుస్తకంలోని బొమ్మనూ చాలాసేపు చూశారు. తర్వాత పెన్ను మూతపెట్టి మంజుల వైపు తిరిగారు. "నువ్వు చెప్పిందే నిజమమ్మా. నీ తెలుగులో తప్పేం లేదు, నేనే తొందరపడ్డాను," అన్నారు. ఆ స్పాటర్‌కు పూర్తి మార్కులు వేశారు. వరండాలో పిల్లలు చప్పట్లు కొట్టారు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు.

ఆ ఏడు మంజుల రెండేళ్ల బోటనీ పరీక్షలూ పాసైంది. మార్కుల కాగితం పట్టుకుని వాళ్ల నాయిన మా స్టాఫ్ రూముకొచ్చి అందరికీ మిఠాయి పంచాడు. ఇప్పుడామె భూపాలపల్లి వైపు ఒక కాలేజీలో బోటనీ చెబుతోంది.

మొక్కను మొలిచిన చోట చూడకుండా పేరు చెప్పకూడదని నాకు నేర్పింది నా విద్యార్థే. అప్పటి నుంచి స్పాటర్లు పిల్లలతో కలిసి పొలాలు తిరిగి తెస్తున్నాను. ఆ తీగను మాత్రం సీసాలో భద్రపరిచాం. మా లాబ్‌లో సీసాలన్నిటి మీదా ఎక్కడో ఉన్న కంపెనీల చీటీలే. దాని మీది చీటీ మంజుల చేత రాయించాను. పేరు: కాసిథా. దొరికిన చోటు: మా ఊరి రోడ్డు. గుర్తించినవారు: మంజుల.