పక్కకి తిరిగి కూర్చున్న రాణి

మా హైస్కూలు హాల్లో కత్తి పట్టి గుర్రమెక్కిన రాణి బొమ్మ ఉండాలని బడి కమిటీ ప్రెసిడెంటుకి బుద్ధి పుట్టింది. అది పందొమ్మిది వందల అరవై రెండో, అరవై మూడో. నేను తొమ్మిదో క్లాసు. బడి మా ఊరికి నాలుగు మైళ్ళు. బిట్రగుంట రైల్వేలో చేసే మా మామ తన పాత సైకిలు ఇచ్చాడు కాబట్టి చదువుతున్నాను, లేకపోతే లేదు. ఆడపిల్ల సైకిలు తొక్కడం ఆ ప్రెసిడెంటు కంట్లో నలుసు. మా నాయన ఎదురైతే చాలు, మాన్పించమని పోరేవాడు.

డ్రాయింగు మాస్టారు జట్కా గుర్రాన్ని ఎదురుగా కట్టించుకుని నెలరోజులు వేశారు. గోచీ పోసి చీర కట్టి, రెండు కాళ్ళూ చెరోవైపు వేసి, రాణి నిజంగా యుద్ధానికి పోతున్నట్టే ఉంది. ప్రెసిడెంటు వచ్చి చూశాడు.

"ఛీ, ఇదేంది మాస్టారూ! కాళ్ళు అటొకటి ఇటొకటి ఏసుకోని కూర్చోనుండాదే! రేపు మన ఇళ్ళల్లో ఆడోళ్ళు వచ్చి చూడొద్దా?"

మాస్టారిది టెంపరరీ ఉద్యోగం. గంగిరెద్దులా తలూపి, రాణి కాళ్ళు రెండూ ఒక పక్కకి తిప్పేశారు. పాదాలు కనపడకుండా కుచ్చిళ్ళు దించారు. మొగుడి సైకిలు వెనక సినిమాకి పోతున్న ఇల్లాలు పొరపాటున కత్తి పట్టుకున్నట్టు తయారైంది. అలా కూర్చుని కత్తి ఎత్తితే ముందు పడేది తనే. ఆ మాత్రం కూడా ఆ పెద్దమనిషికి తట్టలేదు.

బొమ్మకి తెర తీసిన రోజు, కోతికి కొబ్బరికాయ దొరికినట్టు ఆయనకి మైకు దొరికింది. ఆడపిల్లలందరూ ఈ రాణిని చూసి ధైర్యం నేర్చుకోవాలని గంటసేపు ఊదరగొట్టాడు. ముందు వరసలో మా నాయన చప్పట్లు కొట్టాడు.

మీటింగు అయ్యాక ప్రెసిడెంటు మా నాయన భుజం మీద చెయ్యేశాడు. "ఏమన్నా, నీ కూతురింకా సైకిలెక్కతానే ఉండాదా?"

"రేపట్నించి ఎక్కదులే అన్నా."

అంతే. నన్నొక మాట అడగలేదు. ఇంటికొచ్చాక నేనే అడిగాను. "ఆ రాణిని చూసి నేర్చుకోమన్నారు గదా నాయనా?"

"అది బొమ్మ. దానికి పెళ్ళి చెయ్యాల్సిన పనిలేదు" అన్నాడు.

నా చదువు తొమ్మిదితో సరి. ప్రెసిడెంటు మీద నాకు కోపం లేదు, మూర్ఖుడి మీద కోపమేమిటి? మా నాయన మూర్ఖుడు కాడు.