అమ్మ చుట్టిన వెంట్రుకల ఉండ

జ్వరం తగ్గాక మా అమ్మాయికి జుట్టు బాగా రాలుతోందని నిన్న సూర్యాపేటలో సెలూన్‌కు తీసుకెళ్లాను. అక్కడి అమ్మాయి పెద్ద పళ్ల దువ్వెన తీసి, "తడి మీద దువ్వొద్దు ఆంటీ. కుదురు కాడ పట్టుకొని, కింది నుంచి చిక్కు తియ్యాలె. ఊడినయి మళ్ల వస్తయ్" అంది.

నాకు చివ్వెంలలో మా అమ్మగారింటి గడప గుర్తొచ్చింది. చిన్నప్పుడు నాకూ జ్వరమొచ్చి ఇలాగే రాలింది. అమ్మ నా తలకు సాంబ్రాణి పొగ పట్టి, నా వెనక కూర్చుని అచ్చం ఇలాగే చిక్కు తీసేది. రాలిన వెంట్రుకలు ఉండ చుట్టి గోడ సందులో పెట్టేది. ఊళ్లోకొచ్చి వెంట్రుకలు తీసుకుని రిబ్బన్లిచ్చే ఆమె కోసం మీ అమ్మలూ అలా దాచేవారు కదా?

ఒకరోజు పెద్ద ఉండ చూసి, "ఇవన్ని నావేనా అమ్మా?" అని ఏడ్చాను.

"నీవెట్లయితయే? నావి. నేను ముసల్దాన్నైతలేనా?" అంది. అప్పటికి అమ్మ నల్లటి జడ నడుము దాటి ఉండేది. అయినా నమ్మాను.

ఈ ఉదయం స్వామికి దీపం పెట్టి, అమ్మాయికి తల దువ్వాను.

"మస్తు ఊడినయా మమ్మీ?"

దువ్వెనలోవి పిడికిట్లో దాచి, "నీవి కావు బిడ్డా, నావే" అన్నాను.

అది నా పిడికిలి విప్పి, నా నెరిసిన తల వంక చూసి, "గింత నల్లగనా?" అని నవ్వింది. జ్వరమొచ్చాక దాని నవ్వు వినడం ఇదే మొదటిసారి.