స్క్రూడ్రైవర్‌తో విన్న మనిషి

కంబదూరులో ఒక లారీ షెడ్డుంది. అక్కడి పాత కంప్యూటర్‌లో బండ్ల రిపేర్ల ప్రోగ్రాం ఎక్కించాలని సీడీ పట్టుకుని బస్సెక్కాను. పక్క సీటులోని ముసలి మెకానిక్‌కు ఆ మాటే చెప్పాను.

"బండ్ల రోగాలన్నీ దీంట్లో ఉండాయేమప్పా?" అని నవ్వాడు.

"ఉండాయన్నా."

ఆయన స్క్రూడ్రైవర్ మొనను బస్సు అడుగు రేకుకు ఆనించి, పిడికి చెవి పెట్టాడు.

"బేరింగు పోయిండాది. కళ్యాణదుర్గం దాటినాక నిలబడిపోతాది."

తర్వాత అదే మొనను నా గుండెకు ఆనించి చాలాసేపు విన్నాడు.

"ఏమన్నా?" అన్నాను.

"ఏం లేదులేప్పా" అని, కళ్యాణదుర్గంలో నా వైపు చూడకుండా దిగిపోయాడు.

ఊరు దాటగానే బస్సు ఆగిపోయింది. మర్నాడు ప్రోగ్రాం ఎక్కించి, మొదట బేరింగు శబ్దం పేజీయే తీశాను. ఆ చప్పుడొస్తే బండి ఎక్కువ దూరం పోదని, ఆయన చెప్పినట్టే ఉంది.

ఇప్పటికీ చప్పుడు లేని గదిలో ఒక్కణ్నే కూర్చోలేను.